యూరియా కట్ట అసలు ఖరీదు ఎవరు కడుతున్నారు?

45 కిలోల యూరియా కట్ట రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. చెన్నైలో ఇద్దరు మామూలు హోటల్లో కూర్చుని భోజనం చేస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. 2012 చివరి నుంచి ఈ రేటు దాదాపు కదల్లేదు. 2018లో 50 కిలోల బస్తాను 45 కిలోలకు తగ్గించారు గానీ కిలో ధర మాత్రం అదే. డీజిల్ పెరిగింది, కూలి పెరిగింది, విత్తనం పెరిగింది, పురుగుమందుల సంగతి చెప్పక్కర్లేదు, యూరియా ఒక్కటే ఉన్నచోట ఉంది. రైతుకు మేలే కదా అంటారు. మేలే, కాదనను. కానీ మిగతా ఖరీదు ఎక్కడికీ పోలేదు, ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఎవరు కడుతున్నారో వెతుక్కుంటూ పోతే వ్యవసాయ శాఖ దగ్గర మొదలై పర్యావరణం, విదేశాంగం, రక్షణ దాకా వెళ్లాల్సి వస్తుంది.

నేనుండేది ఉత్తర చెన్నైలో, తిరువొత్తియూరు వైపు. మణలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది, నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి, కొందరు నల్గొండ నుంచి కూడా. 2025 వానాకాలంలో వాళ్ల ఫోన్లకు ఊళ్ల నుంచి ఒకే రకం ఫొటోలు వచ్చాయి: సొసైటీ గోడౌన్ ముందు తెల్లవారకముందే వరసగా పెట్టిన చెప్పులు, ఆధార్ జిరాక్సులు, ఆ జిరాక్సులు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్లు. మనిషి నిలబడలేక చెప్పుల్ని నిలబెట్టాడన్నమాట. ఇటు చూస్తే ఈ ఫోన్లు చూస్తున్నవాళ్లు ఉంటున్నది దేశంలోని పాత యూరియా ఫ్యాక్టరీల్లో ఒకదాని పక్కన, అమ్మోనియా ఓడలు ఆగే తీరంలో, గ్యాస్ దిగుమతి టెర్మినల్‌కు కూతవేటు దూరంలో. ఊళ్లో కట్ట దొరక్క టెన్షన్, ఇక్కడ వాసన వస్తే టెన్షన్. ఈ రెండూ ఒకే సమస్య నుంచి వచ్చినవి.

ముందు కొరత ఎందుకొచ్చిందో చూద్దాం. 2024-25లో దేశంలో అమ్ముడైన యూరియా సుమారు 388 లక్షల టన్నులు. ఇక్కడ తయారైంది 306 లక్షల టన్నుల చుట్టుపక్కల. మిగతాది బయటి నుంచి తెచ్చుకోవాలి, లేదా పాత నిల్వల్లోంచి తీయాలి. 2025లో వానలు బాగా పడ్డాయి, వరి, మొక్కజొన్న విస్తీర్ణం పెరిగింది, అదే సమయానికి రామగుండం ప్లాంటు సాంకేతిక సమస్యలతో పదే పదే ఆగింది. అంతకుముందు చైనా నుంచి వచ్చే యూరియా 2024-25లో దాదాపు ఆగిపోయింది. జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజుల యుద్ధం జరిగితే ఇరాన్‌లో యూరియా ప్లాంట్లు ఆగాయి, ఇజ్రాయెల్ గ్యాస్ అందక ఈజిప్టు ప్లాంట్లు కూడా ఆగాయి, ప్రపంచ మార్కెట్‌లో ధర ఎగిసింది. నాట్లు వేసి ఇరవై రోజులైన పొలానికి ఈ కథలేవీ తెలియవు. పిలకలు వేసే దశలో నత్రజని పడాలి, పడకపోతే దిగుబడి పోతుంది. రెండు వారాలు ఆగి వేస్తాంలే అనే వీలు లేదు. అందుకే యూరియా కొరతకు బియ్యం కొరతలా నెమ్మదిగా వచ్చే గుణం ఉండదు, ఒక్క వారంలో ముదురుతుంది, ఒక్క వారంలో పుకారు లేస్తుంది, పుకారు లేస్తే రెండు కట్టలు కావాల్సినవాడు నాలుగు తీసుకుంటాడు, డీలరు కట్టతో పాటు అక్కర్లేని ఇంకో సీసాకు లింకు పెడతాడు. ఆ సీసా ఖరీదు 266 రూపాయల లెక్కలో ఎక్కడా కనబడదు.

దీనికి ప్రభుత్వాలు చెప్పే జవాబు ఒకటే: ఇక్కడే ఎక్కువ తయారు చేద్దాం. ఆ పని నిజంగానే చేశారు. రామగుండం, గోరఖ్‌పూర్, సింద్రీ, బరౌనీల్లో మూతబడ్డ పాత ఫ్యాక్టరీల స్థానంలో ఒక్కొక్కటి ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కొత్తవి కట్టారు. మంచి పని. 2024-25కల్లా యూరియా దిగుమతి తగ్గింది కూడా. కానీ యూరియా దేనితో తయారవుతుంది? గాలిలోని నత్రజనితో, సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌తో. రెండూ కలిస్తే అమ్మోనియా, అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిస్తే యూరియా. గాలి మన దగ్గరుంది. గ్యాస్ సరిపడా లేదు. యూరియా ప్లాంట్లు వాడే గ్యాస్‌లో పెద్ద భాగం ఓడల్లో ద్రవరూపంలో వచ్చేదే, అందులోనూ ఖతార్ వాటా పెద్దది. 2024 ఫిబ్రవరిలో ఖతార్‌తో కుదిరిన ఒప్పందం 2028 నుంచి ఇరవై ఏళ్లపాటు ఏటా 75 లక్షల టన్నుల గ్యాస్‌కు. అంటే మనం యూరియా దిగుమతిని తగ్గించి గ్యాస్ దిగుమతిని పెంచుకున్నాం. కట్ట మీద 'భారత్' అని ఉంటుంది, లోపలి నత్రజనిని పట్టుకున్న గ్యాస్ మాత్రం హోర్ముజ్ జలసంధి దాటి వచ్చింది. వ్యవసాయ శాఖ లెక్కలో ఇది స్వావలంబన. ఓడల దారులు చూసేవాళ్ల లెక్కలో ఇది అదే ఆధారపడటం, పేరు మారింది అంతే.

మణలిలోని మద్రాస్ ఫెర్టిలైజర్స్ కథ చూస్తే ఇది కొత్తదేమీ కాదని తెలుస్తుంది. 1960ల మధ్యలో దేశం అమెరికా గోధుమల మీద బతుకుతున్న రోజులు. తిండి కోసం చేయి చాచడమంటే విదేశాంగ విధానంలో కూడా తల వంచడమేనని ఆ కాలం నేర్పింది. ఆ వేడిలోనే 1966లో భారత ప్రభుత్వం అమెరికా కంపెనీ అమోకోతో కలిసి ఈ సంస్థను పెట్టింది, తర్వాత ఇరాన్ జాతీయ చమురు సంస్థ కూడా వాటాదారు అయింది. అమోకో వెళ్లిపోయింది గానీ ఇరాన్ వాటా, నాలుగో వంతుకు కాస్త పైగా, ఇప్పటికీ ఉంది. తిండి విషయంలో ఎవరి మీదా ఆధారపడకూడదని కట్టిన ఫ్యాక్టరీలో పుట్టినప్పటి నుంచీ బయటి దేశాల చమురు రాజకీయం కలిసే ఉంది. చాలా ఏళ్లు అది ముడిచమురు నుంచి తీసే నాఫ్తాతో నడిచింది, 2019లో ఎన్నూరులో గ్యాస్ టెర్మినల్ వచ్చాక గ్యాస్‌కు మారింది. నాఫ్తా కంటే గ్యాస్ శుభ్రమైనదీ చవకైనదీ, మారడం సరైనదే. కానీ అదే మార్పుతో గల్ఫ్‌లో వచ్చే ప్రతి ఉలికిపాటూ నేరుగా మణలికి చేరే దారి పడింది.

ఇది యూరియా ఒక్కదానితో ఆగదు. పొటాష్ మనం గనుల్లోంచి తీయడం లేదు, దాదాపు మొత్తం కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచి రావాలి. ఈ పేర్లు ఒకసారి మళ్లీ చదవండి, గత నాలుగైదేళ్లలో యుద్ధమో ఆంక్షలో తగలని దేశం వాటిలో ఎన్ని? భాస్వరం ఇచ్చే ఎరువు డీఏపీకి కావాల్సిన రాతి ఫాస్ఫేట్ రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర కొంత దొరుకుతుంది, మిగతాదాంట్లో ఎక్కువ మొరాకో, జోర్డాన్, ఈజిప్టు, పశ్చిమ ఆఫ్రికాల నుంచి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో యెమెన్ హూతీల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది, రోజులు పెరిగాయి, కిరాయి పెరిగింది. చైనా 2021 అక్టోబరులో ఎగుమతులకు తనిఖీల పేరుతో బిగింపు మొదలుపెట్టింది, మనకు అక్కడి నుంచి వచ్చే డీఏపీ 2023-24లో సుమారు 22 లక్షల టన్నులుంటే మరుసటి ఏడాది ఎనిమిదిన్నర లక్షలకు పడిపోయింది. కుప్పం, మదనపల్లె, హోసూరు వైపు డ్రిప్పులో వదిలే నీటిలో కరిగే ఎరువుల్లో కూడా అధిక భాగం చైనావే. 2025లో సౌదీ కంపెనీతో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి ఐదేళ్ల ఒప్పందం చేసుకోవడం ఈ భయంతోనే, అది తెలివైన పని.

దక్షిణ కొరియా సంగతి మనవాళ్లకు అంతగా తెలియదు. 2021 అక్టోబరులో చైనా యూరియా ఎగుమతి బిగించాక, నవంబరుకల్లా అక్కడ ఆగిపోయే పరిస్థితి వచ్చింది పొలాలకు కాదు, లారీలకు. డీజిల్ బండ్ల పొగను శుభ్రం చేసే ద్రవానికి యూరియా కావాలి, అది లేకపోతే కొత్త బండి ఇంజన్ స్టార్టే కాదు. చివరికి ఆ దేశం సైనిక విమానాన్ని ఆస్ట్రేలియాకు పంపి 27,000 లీటర్లు తెప్పించుకుంది. మనకు కూడా 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. కోయంబేడు మార్కెట్‌కు రాత్రిళ్లు దిగే లారీల్లో కొత్తవి దాదాపు అన్నీ ఆ ద్రవం తాగేవే. క్రూడాయిల్‌కైతే విశాఖలో, మంగళూరులో, పాదూరులో కొండలు తొలిచి వ్యూహాత్మక నిల్వలు కట్టుకున్నాం. గ్యాస్‌కు అలాంటి నిల్వ లేదు. యూరియాను ఎక్కువకాలం దాచడం కష్టం, తేమ పీల్చి గడ్డకడుతుంది. కాబట్టి నత్రజని విషయంలో మన నిల్వ అంటే రెండు సీజన్ల మధ్య గోడౌన్లలో ఉన్నదీ, సముద్రంలో వస్తున్న ఓడలో ఉన్నదీ, అంతే.

ఇక డబ్బు. ప్రపంచ మార్కెట్‌లో యూరియా టన్ను 450 డాలర్లు ఉందనుకుందాం, 45 కిలోలకు ఇరవై డాలర్లు, అంటే 1,700 రూపాయలు దాటింది, ఆ మీద రేవు ఖర్చు, రైలు ఖర్చు. 2021 చివర్లో ఆ ధర వెయ్యి డాలర్ల దగ్గరికి పోయింది. రైతు కట్టేది 266.50. తేడా అంతా కేంద్ర బడ్జెట్ నుంచే. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది, ఆ ఏడాది వ్యవసాయ శాఖ సొంత బడ్జెట్‌కు అది దాదాపు రెట్టింపు. ఈ డబ్బు రైతు ఖాతాలోకి రాదు. రైతు ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే, కట్ట అమ్ముడైనట్టు నమోదై, సబ్సిడీ కంపెనీకి పోతుంది.

ఈ పద్ధతి మొదలైంది 1977లో. ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చును లెక్కగట్టి, అమ్మకం ధరకూ దానికీ ఉన్న తేడా ప్రభుత్వం ఇచ్చేది. 1991లో మన్మోహన్ సింగ్ మొదటి బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచబోతే పెద్ద గొడవైంది, 30 శాతానికి దిగారు. 1992 ఆగస్టులో ఒక విచిత్రమైన రాజీ జరిగింది: ఫాస్ఫేట్, పొటాష్ ధరల మీద అదుపు తీసేశారు, యూరియా మీద మాత్రం ఉంచారు. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ అనే కొత్త పద్ధతి తెచ్చారు, కాగితం మీద చూస్తే చాలా సబబైనది, నేలకు ఏ పోషకం కావాలో దానికి సబ్సిడీ. అప్పుడూ యూరియాను బయటే వదిలేశారు. ముప్పై ఏళ్లకు పైగా, ఏ పార్టీ ఉన్నా, సంస్కరణ యూరియా గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. ఫలితం: డీఏపీ బస్తా 1,350, పొటాష్ 1,500 దాటిన రోజులూ ఉన్నాయి, యూరియా 266. చేతిలో రెండు వేలున్న రైతు ఏది కొంటాడు? దాన్ని అజ్ఞానం అనకండి. మనం పెట్టిన ధరల పట్టికకు అది సరైన జవాబు.

నేలలో ఏం జరుగుతోందంటే, నత్రజని, భాస్వరం, పొటాష్‌లు 4:2:1 నిష్పత్తిలో పడితే మేలని దేశం మొత్తానికి ఒక మోటు లెక్క చెబుతారు. వాస్తవంగా పడుతున్నది ఇటీవలి సంవత్సరాల్లో 10:4:1 దాటి ఉంది. అందులోనూ వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది సగం కూడా కాదు. నీళ్లు నిలిచిన వరి మడిలో యూరియా చల్లితే కొంత అమ్మోనియాగా గాలిలోకి పోతుంది, కొంత నైట్రేట్‌గా కిందికి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. ఆ చివరిది వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు బలమైనది. ఎక్కువ వేస్తే పైరు నల్లగా నిగనిగలాడుతుంది, చూడ్డానికి బాగుంటుంది, ఆ మెత్తని ఆకుకే దోమపోటు వస్తుంది, పాముపొడ వస్తుంది. అప్పుడు మందుల కొట్టుకు పరుగు. కట్ట మీద ఆదా చేసిన డబ్బు అక్కడ పోతుంది.

నైట్రేట్ సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే అది కనబడదు, వాసన రాదు. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో 440 జిల్లాల్లో ఎక్కడో ఒకచోట ఆ హద్దు దాటింది, రాజస్థాన్, కర్ణాటక, తమిళనాడు ముందు వరసలో ఉన్నాయి. ఎరువు ఒక్కటే కారణం కాదు, మురుగు, పశువుల పేడ కూడా ఉన్నాయి. కానీ బోరు నీళ్లు తాగే పల్లెలో పసిబిడ్డకు పాలు కలిపే తల్లికి ఆ తేడాతో పనేముంది? ఆ నీటిని శుద్ధి చేసే ఖర్చు గ్రామ పంచాయతీది, లేదంటే ఇరవై లీటర్ల క్యాను కొనే ఇంటిది. కట్ట ఖరీదులో అదొక వాటా.

ఇంకో వాటా ఎన్నూరువాళ్లు కట్టారు. 2023 డిసెంబరు 26 రాత్రి, ఓడ నుంచి ఎన్నూరులోని ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే సముద్రగర్భ పైపు, సరుకు దింపే ముందు చల్లబరిచే పనిలో ఉండగా లీకైంది. పెరియకుప్పం, చిన్నకుప్పం చుట్టుపక్కల జాలరి కుటుంబాలు అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కాయి, యాభై మందికి పైగా ఆస్పత్రిలో చేరారు. అప్పటికి మిచాంగ్ తుఫాను వచ్చి మూడు వారాలు, ఆ వరదలో మణలి వైపు నుంచి కొట్టుకొచ్చిన చమురు ఎన్నూరు క్రీక్‌లో వాళ్ల వలలనూ పడవలనూ నల్లగా చేసి ఉంది. ఒకే నెలలో ఒకే ఊళ్లకు రెండు దెబ్బలు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుంది, విచారణ జరిగింది, కొన్ని నెలల తర్వాత అనుమతులతో ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది.

దీన్ని పర్యావరణ వార్తగా చదివి వదిలేయడం మనకు అలవాటు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి ఊపిరి తీసిన తెల్లవారుజామును తెలుగువాళ్లు మరిచిపోకూడదు, అక్కడా ఇక్కడా ప్రమాదం సంగతి జనానికి ముందు చెప్పింది ముక్కే. చట్టం లేక కాదు. ప్రమాదకర రసాయనాల 1989 నియమాల్లో ఫ్యాక్టరీ బయట జనానికి కూడా అత్యవసర ప్రణాళిక ఉండాలని ఉంది, 1996 నియమాల్లో జిల్లా స్థాయి కమిటీలు ఉండాలని ఉంది. ప్రణాళిక అంటే కలెక్టరేట్ బీరువాలో ఫైలు కాదు, ఏ సైరన్ మోగితే ఏ దిక్కుకు నడవాలో, గాలి ఎటు వీస్తోందో, తడిగుడ్డ ముక్కుకు ఎందుకు కట్టుకోవాలో జాలరి కుప్పంలోని పదేళ్ల పిల్లకు తెలిసి ఉండటం. ఎరువు చవగ్గా ఉండాలంటే అమ్మోనియా దిగుమతి కావాలి, దిగుమతికి తీరం కావాలి, తీరంలో మనుషులున్నారు. ఇది సబ్సిడీ లెక్కలో రాసుకోని ఖర్చు. ఇక్కడి తెలుగువాళ్లు కూడా ఈ విషయంలో తమిళ జాలరుల పక్కన నిలబడాల్సినంతగా నిలబడలేదని నా అభిప్రాయం. ఆ ఫ్యాక్టరీల్లో జీతాలు తీసుకునేది మనమే, ఆ ఎరువు పోయేది మన ఊళ్లకే.

అమ్మోనియా నుంచి ఇంకో దారి కూడా ఉంది. దాన్ని నైట్రిక్ ఆమ్లంగా, అమ్మోనియం నైట్రేట్‌గా మారిస్తే చాలా దేశాల్లో ఎరువు, గనుల్లో పేలుడు పదార్థం. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో రాయి పగలాలంటే అలాంటిదే కావాలి, కాబట్టి నిషేధించి చేతులు దులుపుకోవడం కుదరదు. మన దేశం 2011లో దాన్ని పేలుడు పదార్థంగా ప్రకటించి 2012లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఆ నియమాలు ఎలా అమలవుతాయో మణలి చూసింది. 2015లో కస్టమ్స్ పట్టుకున్న సుమారు 740 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఐదేళ్ల పాటు మణలిలో ఒక కంటైనర్ల గోడౌన్‌లో పడి ఉంది, కొంత 2015 వరదలకే పాడైంది. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నులు పేలి ఊరు సగం దెబ్బతిన్నాక గానీ ఇక్కడ కదలిక రాలేదు. ఆ వారంలోనే మిగిలిన దాదాపు 700 టన్నులను వేలంలో కొన్న సంస్థ కోసం కంటైనర్లలో హైదరాబాద్‌కు తరలించడం మొదలుపెట్టారు. చెన్నై నుంచి హైదరాబాద్ దాకా ఆ లారీలు నడిచింది మన ఊళ్ల మీదుగానే. వ్యవసాయ శాఖ, కస్టమ్స్, పేలుడు పదార్థాల శాఖ, పోలీసు, కాలుష్య మండలి, ఎవరి ఫైలు వాళ్ల దగ్గర సక్రమంగానే ఉంటుంది, గోడౌన్ మాత్రం అలాగే ఉంటుంది. చౌక ఎరువు దారి మళ్లడం కూడా ఇదే కోవలోది. సబ్సిడీ యూరియా ప్లైవుడ్ జిగురుకీ కల్తీ పాలకీ పోతోందనే 2015లో మొత్తం యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. కొంత ఆగింది. ధరలో తేడా ఆరింతలుంటే పూత ఒక్కటే ఎంత ఆపగలదు?

మరి ఈ రసాయనాలన్నీ మానేస్తే పోదా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు సముద్రం అవతలికి చూడాలి. శ్రీలంక 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. కారణాల్లో నేల ఆరోగ్యం ఒకటైతే, డాలర్లు అయిపోవడం ఇంకొకటి. ఏడాది తిరక్కుండానే, నవంబరులో, వెనక్కి తీసుకుంది, అప్పటికే వరి, తేయాకు దెబ్బతిన్నాయి. 2022 మేలో చెన్నై రేవు నుంచి బియ్యం, పాలపొడి, మందులతో ఓడ బయల్దేరడం ఈ ఊరు చూసింది. నేల పదేళ్లలో కోలుకోవాల్సిన పనిని ఒక గెజిట్‌తో చేయించబోయారు.

దానికి పూర్తిగా భిన్నమైన దారి ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం కార్యక్రమం. ఊళ్లో మహిళా సంఘాల ద్వారా, పక్క రైతు చేలో చూపించి, ఒక ఎకరాతో మొదలుపెట్టించి, ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు. 2024లో దానికి పోర్చుగల్ సంస్థ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. అన్ని పంటలకూ, అన్ని నేలలకూ ఇది సరిపోతుందా అన్నది ఇంకా తేలాల్సిన విషయం, వరి కోసం నీళ్లు పారే డెల్టాలో ఒక జవాబు ఉంటుంది, రాయలసీమ మెట్టలో ఇంకో జవాబు ఉంటుంది. కానీ మార్పు ఎంత వేగంతో జరగాలో అది సరిగ్గా పట్టుకుంది. ఆకుల మీద పిచికారీ చేసే నానో యూరియా సీసా మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. అర లీటరు సీసాలో ఉండే నత్రజని ఎంతో లెక్కేస్తే గ్రాముల్లోనే, కట్టలో ఇరవై కిలోలకు పైగా. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలంలో పరీక్షించి, యూరియా తగ్గించి నానో వాడితే దిగుబడి తగ్గిందని చెప్పింది. పరిశోధన సాగనివ్వండి, రైతు మీద లింకు పెట్టి అమ్మకండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొత్త ప్లాంట్లు, కొత్త ఒప్పందాలు, కాకినాడలో రాబోతున్న గ్రీన్ అమ్మోనియా లాంటివి అన్నీ కావాలి, కానీ ఇవన్నీ సరఫరా వైపు ప్రయత్నాలు, నత్రజని అవసరాన్నే తగ్గించే పని దాదాపు ఎవరూ చేయడం లేదు. దీని మూలం పంటల కొనుగోలులో ఉంది. తెలంగాణ 2024 వానాకాలంలో 150 లక్షల టన్నులకు పైగా వడ్లు పండించింది, సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ కూడా ఉంది. అలాంటప్పుడు కంది వేయమని రైతుకు ఎవరు చెప్పగలరు? కంది, పెసర, మినుము, వేరుశనగ గాలిలోని నత్రజనిని తమ వేళ్ల బుడిపెల్లో పట్టుకునే పంటలు, తర్వాతి పంటకు కొంత వదిలి పోతాయి. పప్పులు, నూనెలు కూడా మనం దిగుమతి చేసుకుంటున్నవే. వరికి ఇచ్చేంత గట్టి కొనుగోలు హామీ వాటికి ఇస్తే ఒకే దెబ్బకు యూరియా ఓడ, పప్పు ఓడ రెండూ తగ్గుతాయి. విదేశీ మారకం కాపాడాలనుకునేవాళ్లకూ, నీళ్లు కాపాడాలనుకునేవాళ్లకూ ఒకే పని పనికొచ్చే చోట్లు ఎక్కువ ఉండవు, ఇది అలాంటి చోటు. పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనం తొలకరికి ముందే సొసైటీలో ఉండేలా చూడటం, వరిలో ఆకురంగు పట్టిక చూసి దఫాలుగా యూరియా వేయించడం, ఇవి వందల కోట్ల పనులు కావు. ఎరువు వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం ఇస్తామని 2023లో కేంద్రం పీఎం-ప్రణామ్ పథకం పెట్టింది. ఆలోచన మంచిదే. ఆ సగం రాష్ట్ర ఖజానాలో కాకుండా రైతుకు కనబడే చోట ఖర్చయితే బాగుంటుంది.

ధర కూడా కదలాలి. ఇది అనడం తేలిక కాదు, సొసైటీ ముందు చెప్పులు పెట్టుకున్న మనిషికి రేపటి నుంచి కట్ట 500 అని చెప్పే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. కదిలించాల్సింది ఏళ్ల మీద, కొద్దికొద్దిగా, ఎంత పెంచితే అంతకు సరిపడా డబ్బు ముందుగా రైతు ఖాతాలో వేసి. అప్పుడు ఆ డబ్బుతో యూరియా కొంటాడా, పొటాష్ కొంటాడా, పశువుల ఎరువు తోలించుకుంటాడా అన్నది తన పొలం చూసి తనే తేల్చుకుంటాడు. చాలామంది ఆర్థికవేత్తలు ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది: ఎవరి ఖాతాలో? పాస్‌బుక్ భూమి యజమానిది, ఎరువు కొనేది కౌలు రైతు. గోదావరి జిల్లాల్లో వరి మడుల్లో పెద్ద భాగం కౌలు చేతిలోనే ఉంది. భూమి ఉన్నవాళ్లలో కొందరు చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మా చుట్టుపక్కలే ఉన్నారు. ఈ రోజు కట్ట మీది సబ్సిడీ, దాని లోపాలన్నిటితో కూడా, కౌలు రైతుకు అందుతోంది, ఎందుకంటే చాలావరకు వేలు పెట్టినవాడికి కట్ట ఇస్తారు. రేపు దాన్ని తీసేసి పాస్‌బుక్ చూసి డబ్బు వేస్తే అది నగరంలో ఉన్న యజమానికి వస్తుంది, పెరిగిన ధర మాత్రం మడిలో ఉన్నవాడు కడతాడు. తెలంగాణ రైతుబంధులో డబ్బు అలాగే యజమానికి పోయింది.

కాబట్టి ఎరువుల సంస్కరణ కౌలు నమోదుతో మొదలవ్వాలి, ధరతో కాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం యజమాని సంతకం లేకుండానే సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం మళ్లీ యజమాని ఒప్పంద పత్రం అడిగింది, సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానులు వెనక్కి తగ్గారు. 2011 పద్ధతిలో గ్రామసభలో, పొలం చూసి, ఎవరు దున్నుతున్నారో రాసుకుంటే ఆ జాబితా ఒక్క ఎరువుకే కాదు, పంట నష్టపరిహారానికీ బ్యాంకు రుణానికీ పనికొస్తుంది. ఊళ్లో పొలం కౌలుకిచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్లు ఈ సీజన్ మొదలయ్యేలోపు చేయగలిగిన పని ఒకటుంది, తమ కౌలుదారుకు ఆ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి ఇవ్వడం.